చుక్కలమ్మ శిష్యుడు

సంఘంలో ఆయన్ని అందరూ గంటయ్యగారు అనేవాళ్ళు. మందిరంలో గంట కొట్టే పని ఆయనది కాదు. వాక్యం చెప్పడానికి నిలబడితే గోడ గడియారంలో పెద్దముల్లు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా కూర్చునేవాడు కాదు, అందుకని ఆ పేరు. వినేవాళ్ళకూ విసుగు లేదు. ఏడిపించాల్సిన చోట ఏడిపించేవాడు, నవ్వించాల్సిన చోట నవ్వించేవాడు. ఇక పరిసయ్యుల మీదికి వెళ్ళాడంటే చూసి తీరాలి. సువార్తల్లో యేసుతో వాదనకు దిగే ఆ యూదు పండితుల్ని వేదిక మీద నడిపించి చూపించేవాడు. మెడ వంచి, లేని గడ్డం నిమిరి, కళ్ళు చికిలించి, "చేతులు కడిగావా? మోచేతి దాకా కడిగావా?" అని ముక్కుతో మాట్లాడేవాడు. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళు. ఆ సంఘంలో మొగుడూ పెళ్ళాం పోట్లాడుకున్నా, "నువ్వో పెద్ద పరిసయ్యుడివి" అంటే అంతకు మించిన తిట్టు లేదు.

ఆ మందిరాన్ని నిలబెట్టింది ఆయన మామగారు. రైల్వే షెడ్డులో ఫోర్‌మన్‌గా చేసి దిగిపోయిన మనిషి. ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే మూతపడ్డ ధాన్యం గోదామును పదిమందితో కలిసి కడిగి, సున్నం వేసి, బల్లలు వేసి మందిరం చేశాడు. అందరికీ ఆయన పెద్దాయన. తన కూతుర్నిచ్చి, తన మందిరం ఇచ్చి, అల్లుణ్ణి బోధకుడిగా నిలబెట్టాడు. "మీది ఇల్లరికం కాదు, మందిరరికం" అని భార్య అప్పుడప్పుడూ ఆటపట్టించేది. ఆమె గొంతు విప్పితేనే సంఘం పాట ఎత్తుకునేది.

ఇదిలా ఉండగా పక్క వీధి సంఘం బోర్డు మీద వాళ్ళ బోధకుడి పేరు ముందు 'డాక్టర్' అని ఎర్రటి అక్షరాలు వెలిశాయి. పెద్దాయనకి ఆ పూట ముద్ద దిగలేదు.

"అల్లుడూ, నువ్వు కూడా ఆ రెండక్షరాలు తెచ్చేసుకో" అన్నాడు.

"ఈ వయసులోనా మామయ్యా? నలభై నాలుగొచ్చాయి."

"మోషే ఎనభైలో బయల్దేరాడు. నువ్వు బస్సెక్కి విశ్వవిద్యాలయానికి వెళ్ళలేవా?"

అలా వెళ్ళాడు. బైబిలును దాని యూదు నేపథ్యంలో చదివే శాఖ అన్నిటికంటే చిన్నది, కాబట్టి తొందరగా చేర్చుకుంటారని ఎవరో చెప్పారు. చేర్చుకున్నారు కూడా. మూడో అంతస్తులో నడవా చివర రెండు గదులు. లిఫ్టు పనిచేయక ఏళ్ళయింది. ఒక గదిలో పుస్తకాలు, రెండో గదిలో ఒక పొడవాటి బల్ల, ఆ బల్ల వెనక డెబ్బై ఒక్కేళ్ళ ముసలావిడ. శాఖ మొత్తం ఆవిడే. ఆ ఏడు చేరింది ఆయనొక్కడే.

ఆవిణ్ణి పాత విద్యార్థులు చుక్కలమ్మ అనేవాళ్ళు. హెబ్రీ రాతలో అచ్చులు అక్షరం కింద, పైన పెట్టే చుక్కలు. ముద్రించిన పుస్తకంలో అన్నీ ఉన్నా సరే, విద్యార్థి ప్రతి పుటనీ చేత్తో ఎత్తిరాసి, ఒక్కో చుక్కా తనే పెట్టుకోవాలి. ఒక్క చుక్క తప్పితే పుటంతా మళ్ళీ రాయాలి. పట్టపగలే చుక్కలు చూపిస్తుంది కాబట్టి కూడా ఆ పేరు అతికినట్టు సరిపోయింది.

మొదటిరోజు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న ఇది.

"పరిసయ్యుడంటే ఎవరు?"

"వేషధారి మేడమ్" అన్నాడు గంటయ్యగారు, తడుముకోకుండా.

"అది తిట్టు. నేనడిగింది మనిషి గురించి. ఎక్కడుండేవాడు? ఏం పనిచేసి బతికేవాడు? దేనికి భయపడేవాడు?"

"తెలియదు మేడమ్" అన్నాడు.

"ఎన్నేళ్ళుగా వాక్యం చెబుతున్నారు?"

"పదహారేళ్ళు మేడమ్."

"పదహారేళ్ళుగా తెలియని మనిషిని తిడుతున్నారన్నమాట." ఆవిడ నవ్వలేదు, కోప్పడనూ లేదు. "వాళ్ళు మావాళ్ళు. రెండు వేల ఏళ్ళ కింద మా గుడి కూలి బలిపీఠం పోయినా, ఇంట్లో భోజనం బల్లే బలిపీఠం అనుకోండి, చేతులు కడుక్కుని కూర్చోండి అని మాకు నేర్పినవాళ్ళు. మేం ఇంకా ఉన్నామంటే వాళ్ళ చలవే. సరే, తెలియదని ఒప్పుకున్నారు, అది చాలు. ఇవిగో, అక్షరాలు ఇరవై రెండు. కుడి నుంచి ఎడమకి రాయాలి."

ఆయన అంతకుముందు యూదుల్ని పుస్తకంలో తప్ప చూడలేదు. ఊళ్ళో వాళ్ళ ప్రార్థన మందిరం ఒకటి టైర్ల దుకాణం పక్కన ఉందని, దాని ముందు నుంచే తను రోజూ బస్సులో వెళ్తున్నానని ఆవిడ చెప్తేనే తెలిసింది.

ఏడాది తిరిగేసరికి మనిషి మారిపోయాడు. పొద్దున్నే మూడంతస్తులూ ఎక్కి రొప్పుతూ వచ్చేవాడు. ఆవిడ ఫ్లాస్కు తెరిచి రెండు కప్పుల్లో టీ పోసి, ఒకటి ఆయన వైపు జరిపేది. అదే పాఠం మొదలైనట్టు గుర్తు. తన పరిశోధనకు ఆయన చేతులు కడుక్కోవడం గురించిన తగువునే ఎంచుకున్నాడు. దాని కోసం ఆవిడ యూదు పెద్దల వాదనల సంపుటాలు ముందు పెట్టింది. ముందు చేతులు కడగాలా, ముందు పాత్ర నింపాలా అని రెండు బడులవాళ్ళు తరాల తరబడి వాదించుకున్న పుటలు అవి. ఒకరి మాట ఒకరు ఒప్పుకోరు, అయినా ఇద్దరి మాటా పక్కపక్కనే రాసిపెట్టుకుంటారు. చదువుతూ చదువుతూ ఒకరోజు గంటయ్యగారు కలం కింద పెట్టేశాడు.

"మేడమ్, యేసు కూడా ఇలాగే వాదిస్తున్నాడు కదా. ఇదే పద్ధతి. ఇది ఇంట్లోవాళ్ళ తగువు."

"ఊఁ."

"అన్నదమ్ములు పెరట్లో అరుచుకుంటుంటే పక్కింటివాడు విని, ఆ మాటలు పట్టుకెళ్ళి కోర్టులో సాక్ష్యం చెప్పినట్టు చేశాం మేం."

"కోర్టుతో ఆగి ఉంటే బాగుండేది" అంది చుక్కలమ్మ. తర్వాతి పుట తిప్పింది.

ఆ చదువు మందిరంలోకి రాకుండా ఎలా ఆగుతుంది? వేదిక మీద ఆయన మెడ వంచడం మానేశాడు. ముక్కుతో మాట్లాడటం మానేశాడు. ఏదైనా గట్టిగా చెప్పబోయి, "అయితే ఇందులో ఇంకో మాట కూడా ఉంది" అని ఆగిపోయేవాడు. ఇంకో మాట చెప్పాక మొదటి మాట మీద నమ్మకం సడలేది. గంట కాస్తా ముప్పావుగంట అయింది, ఆ తర్వాత అరగంట. "గంటయ్యగారు పావుగంటయ్యగారు అయ్యారు" అని వెనక బల్లల్లో నవ్వుకున్నారు. ముందు బల్లలో పెద్దాయన నవ్వలేదు.

"నిన్ను పంపింది పేరుకి ముందు రెండక్షరాలు తెమ్మని. ఉన్న నోరు పోగొట్టుకోమని కాదు" అన్నాడు ఇంటికొచ్చి.

"నేర్చుకుంటున్నాను మామయ్యా. నేర్చుకునేటప్పుడు కాస్త నత్తి వస్తుంది."

"నత్తి వస్తే రానీ. నమ్మకం పోతేనే భయం."

రెండో ఏడు పిల్లల నాటిక వచ్చింది. అది పెద్దాయన నలభై ఏళ్ళ కింద స్వయంగా రాసింది. ఏటా పిల్లలు మారతారు, మాటలు మారవు. యేసు నడుస్తుంటాడు, రోగులు బాగవుతుంటారు, మధ్యలో పరిసయ్యులు ఆరుగురు దూరతారు. వాళ్ళకి గీతల దుప్పట్లు, దూది గడ్డాలు, యూదుల్ని వెక్కిరించే పాత బొమ్మల్లోలా అట్టతో చేసిన కొక్కెం లాంటి పొడుగు ముక్కులు. ఆ ముక్కులు రాగానే మందిరం గొల్లుమంటుంది. ఏడాదికోసారి నవ్వే ముసలివాళ్ళు కూడా ఆ పూట నవ్వుతారు.

ఆయన మామగారితో మాట్లాడదామని మూడుసార్లు అనుకున్నాడు. మొదటిసారి ఇంట్లో చుట్టాలున్నారు. రెండోసారి పెద్దాయనకి ఒంట్లో బాగాలేదు. మూడోసారి ఏ అడ్డమూ లేదు, ఆయనకే నోరు రాలేదు. ఈ ఏటికి కానిద్దాం, వచ్చే ఏడు చూద్దాం అనుకున్నాడు. ఆ ఏడు ఆరుగురు పరిసయ్యుల్లో ఆయన పన్నెండేళ్ళ కూతురు ఒకతె. సాయంత్రం నాటిక మొదలయ్యే ముందు ముక్కు జారిపోతోందని ఆ పిల్ల తండ్రి దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. ఆయనే దాని రబ్బరుదారం బిగించి, తల వెనక ముడివేశాడు.

తెర పక్కన నిలబడి చూస్తుంటే చివరి బల్లలో చుక్కలమ్మ కనపడింది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, రెండు వారాల కింద తండ్రితో కలిసి విశ్వవిద్యాలయానికి వెళ్ళినప్పుడు ఆ పిల్లే ఆహ్వానపత్రం ఇచ్చింది. "మీరు కూడా రండి, నాన్న ఎప్పుడూ మీ గురించే చెబుతుంటారు" అంది. శిష్యుడు పనిచేసే చోటు చూడాలని ఆవిడకి మొదట్నించీ ఉంది. ఆయన ఏదో ఒకటి చెప్పి దాటేస్తూ వచ్చాడు. బస్సు దిగి, దారి అడుక్కుంటూ, మంచి చీర కట్టుకుని వచ్చింది ఆవిడ.

ముక్కులు వచ్చాయి. మందిరం గొల్లుమంది. ఆ నవ్వులో చుక్కలమ్మ చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి, పాఠం వింటున్నట్టు కూర్చుంది. పక్కనున్నావిడ నవ్వుతూ నవ్వుతూ చనువుగా ఆవిడ భుజం తట్టింది కూడా. గంటయ్యగారి పక్కనే దీపాల మీట ఉంది. నొక్కితే చీకటైపోయేది, నాటిక ఆగేది, ఏదో ఒక సాకు చెప్పుకోవచ్చు. చెయ్యి మీట మీదే ఉంది. వేదిక మీదికి వెళ్ళి రెండు ముక్కలు చెప్పినా సరిపోయేది. కానీ మీట మీది చెయ్యి మీట మీదే ఉండిపోయింది. నాటిక ఇరవై నిమిషాలు సాగి చప్పట్లతో ముగిసింది.

మర్నాడు ఆయనకి మూడంతస్తులు ఎక్కబుద్ధి కాలేదు. అయినా ఎక్కాడు.

"ఆ ముక్కుల సంగతి మీకు ముందే తెలుసా?" అడిగింది ఆవిడ.

"తెలుసు మేడమ్."

"నా దగ్గరికొచ్చి రెండేళ్ళు కదూ?"

"అవును మేడమ్."

"పాప గొంతు బాగుంది. వాళ్ళమ్మ పోలిక అనుకుంటాను." పుస్తకం తెరిచింది. "నలభై ఏడో పుట. నిన్న ఎక్కడ ఆపాం?"

ఆ రోజు ఫ్లాస్కు తెరిచి ఆవిడ ఒక్క కప్పులోనే పోసుకుంది. ఆ తర్వాత ఎప్పుడూ అంతే. పాఠం మాత్రం ఒక్కరోజూ మానలేదు. చుక్క తప్పితే మళ్ళీ రాయించింది, బాగా రాస్తే బాగుందంది. తిట్టి ఉంటే ఆయనకి ప్రాణం కుదుటపడేది.

రెండు ఆదివారాలు ఓర్చుకున్నాడు. మూడో ఆదివారం వేదిక ఎక్కి బైబిలు తెరవకుండానే మాట్లాడాడు.

"ఈ నాటిక ఇక మన మందిరంలో వేయకూడదు" అన్నాడు. "యేసు యూదుడు. ఆయన తల్లి యూదురాలు, శిష్యులంతా యూదులు. ఆ అట్టముక్కు పెట్టాలంటే ముందు మరియమ్మకే పెట్టాలి. పెడదామా? నేను పదహారేళ్ళు ఇక్కడ నిలబడి మీకు అబద్ధం చెప్పాను. తెలియక చెప్పాను. తెలిశాక కూడా నా కూతురి మొహానికి నా చేత్తోనే ముడివేశాను."

మందిరంలో గుసగుసలు లేచాయి. ఒకావిడ ఏడుస్తూ లేచి, "మా పిల్లలు పాపం చేశారంటారా అయ్యగారూ?" అంది. ఆయన జవాబు చెప్పేలోపు ముందు బల్లలో పెద్దాయన లేచి నిలబడ్డాడు. అల్లుడి వైపు చూడలేదు. గోడ వైపు చూస్తూ, వణికే గొంతుతో పాట ఎత్తుకున్నాడు. పాత పాట, అందరికీ వచ్చిందే. ఇద్దరు అందుకున్నారు, పదిమంది అందుకున్నారు. గంటయ్యగారు గొంతు పెంచాడు. పాట కూడా పెరిగింది. ఆయన భార్య వైపు చూశాడు. ఆమె ఒకసారి ఆయన్నీ, ఒకసారి తండ్రినీ చూసి నోరు తెరిచింది. ఆ గొంతు కలిసిన తర్వాత ఇక ఆయన మాట ఆయనకే వినపడలేదు. పెదవులు కాసేపు కదిలి ఆగిపోయాయి.

"నాన్న గొంతు లేస్తే నా గొంతు దానంతటదే లేస్తుందండీ" అంది ఆమె ఇంటికొచ్చాక. "పుట్టినప్పట్నించీ అంతే. మీరు చెప్పింది తప్పని నేననలేదు."

"ఒప్పని కూడా అనలేదు."

"నాకేం తెలుసు? నేను మూడో అంతస్తు ఎక్కలేదుగా."

బోధకుడి ఇల్లు మందిరం వెనకే, మందిరానిదే. నెల తిరగకుండా ఖాళీ చేయించారు. భార్యా కూతురూ పెద్దాయన ఇంటికి వెళ్ళారు. ఆయన్ని రావద్దని ఎవరూ అనలేదు, రమ్మని కూడా ఎవరూ అనలేదు. ఒక లాండ్రీ పైన గది తీసుకున్నాడు. కింద ఇస్త్రీ ఆవిరికి గది నేల ఎప్పుడూ వెచ్చగా ఉండేది.

జరిగిందంతా చుక్కలమ్మకి చెప్పాడు. చెప్పేటప్పుడు ఆయన గొంతులో తనకు తెలియకుండానే ఏదో ఆశ ధ్వనించింది. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"నా కోసం చేశారా?"

"అవును మేడమ్."

"నా పేరు చెప్పారా అక్కడ?"

"లేదు. కానీ అందరికీ తెలుసు, ఆ రోజు మీరొచ్చారని..."

"అయ్యో" అంది ఆవిడ. "చదువుకున్నది నిజం అనిపిస్తే చెప్పాలి. నాకు బాకీ తీర్చినట్టు చెప్పకూడదు. ఇప్పుడు వాళ్ళు మీ మీద కోప్పడరు. మీరు వాళ్ళవాళ్ళు, మీ మీద జాలిపడతారు. కోపం పోవడానికి ఇంకో చోటు వెతుక్కుంటుంది."

పదిరోజులకి అలాగే అయింది. టైర్ల దుకాణం పక్కనున్న ప్రార్థన మందిరం కిటికీలు రెండూ పగిలాయి. రంగు గాజులు, మళ్ళీ దొరికేవి కావు. ఒక ఇటుకకి చీటీ చుట్టి ఉంది. మా అయ్యగారిని మాకు కాకుండా చేశారు అని రాసి ఉంది. పోలీసులొచ్చి రాసుకుని వెళ్ళారు. ఎవరు చేశారో తేలలేదు. ఆ చీటీ తెలిసినవాళ్ళు చూపిస్తే గంటయ్యగారు చూశాడు. చేతిరాత పోల్చుకున్నాడో, పోల్చుకున్నానని భయపడ్డాడో ఆయనకే తెలియదు. తన వాక్య తరగతిలో ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకునే కుర్రాళ్ళు ఇద్దరు గుర్తొచ్చారు. సరిగ్గా చెప్పలేక ఎవరి పేరూ చెప్పలేదు.

చీపురు, చేట పట్టుకుని అక్కడికి వెళ్ళాడు. ఆ మందిరాన్ని చూసుకునే ముసలాయన, చెప్పులు కుట్టే పనివాడు, కిటికీలకి చెక్కలు కొడుతున్నాడు. నోట్లో మేకులు పెట్టుకునే మాట్లాడాడు.

"మీ మీద మాకేం లేదండీ అయ్యగారూ. మేడమ్ మీ గురించి మంచిగానే చెప్పింది. కానీ మీరిటు రాకండి. మీరొస్తే మీ వెనక వాళ్ళొస్తారు."

"నేను గాజుపెంకులు ఊడ్చి వెళ్ళిపోతాను."

"ఊడ్చేశామండీ" అన్నాడు ముసలాయన.

ఆ ఏడు చివర విశ్వవిద్యాలయం ఒక కాగితం పంపింది. కొత్త విద్యార్థులు చేరని శాఖల్ని వచ్చే ఏటి నుంచి మూసేస్తారట. చుక్కలమ్మ దాన్ని పుస్తకంలో గుర్తుకి పెట్టుకుంది. "మీది పూర్తయ్యేదాకా నేనుంటాను" అంది. "మూడు అధ్యాయాలయ్యాయి, రెండున్నాయి. రోజుకి రెండు పుటలు." రెండు నెలలు అలాగే రాశాడు. మధ్యాహ్నం పూట ఆవిడ కళ్ళు మూసుకుని వినేది, ఆయన చదివేవాడు. ఒకసారి, ఆయన రాసిన ఒక పేరా అయ్యాక, "ఇది నేను రాయాల్సింది" అంది. ఆయన ఆ మాట మీద వారం రోజులు బతికాడు.

వానపడ్డ ఒక ఉదయం ఆవిడ రెండో అంతస్తు మెట్ల మీద జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆస్పత్రిలో ముందు తుంటి గురించే మాట్లాడారు, తర్వాత గుండె గురించి, తర్వాత ఏమీ మాట్లాడలేదు. ఆయన రోజూ వెళ్ళి నాలుగో అధ్యాయం చదివి వినిపించేవాడు. ఆవిడ వింటోందో లేదో తెలిసేది కాదు. ఆఖరి రోజుల్లో ఒకసారి కళ్ళు తెరిచి ఆయన్ని చూసి, భయపడినట్టు దుప్పటి గుండెల మీదికి లాక్కుంది. ఎవరనుకుందో. నర్సు వచ్చి, "మీరు కాసేపు బయట ఉండండి" అంది. ఆయన బయట ఉన్నాడు. ఆ మర్నాడు మధ్యాహ్నం ఆవిడ పోయింది. ఆవిడకి నా అన్నవాళ్ళు లేరు.

వాళ్ళ శ్మశానం ఊరి చివర, రైలుకట్ట పక్కన చిన్న ప్రహరీ గోడ మధ్య ఉంది. గంటయ్యగారు గేటు దగ్గరే నిలబడ్డాడు. పెట్టె దించారు, మట్టి పోశారు. ఆ తర్వాత పోయినవారి కోసం అనే ప్రార్థన ఒకటుంది. దానికి పదిమంది యూదు మగవాళ్ళు ఉండాలి, అంతకన్నా తక్కువైతే అనకూడదు. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టడం వాళ్ళలో లేదు. పది మాటలున్న ఒక కీర్తన వాక్యం అందుకుని, ఒక్కో మనిషికి ఒక్కో మాట అంటూ పోతారు.

చెప్పులు కుట్టే ముసలాయన మొదలుపెట్టాడు. ఆ వాక్యం గంటయ్యగారికి వచ్చు. ఆవిడే చుక్కలతో సహా నాలుగుసార్లు రాయించింది. ముసలాయన వేలు ఒక్కొక్కరి వైపూ కదిలింది. తొమ్మిదో మాట అని ఆగాడు. చుట్టూ చూశాడు. గేటు దగ్గర చూపు ఒక్క క్షణం ఆగి, అక్కణ్ణించి దాటిపోయింది.

"ఇంకొకాయన రావాలి" అన్నాడు ఎవరితోనో. "కిటికీలు పగిలినప్పట్నించీ వాళ్ళ కొడుకు ఆయన్ని ఇల్లు కదలనివ్వట్లేదు. ఈ ఒక్కసారికి పంపిస్తానన్నాడు."

ఎదురుచూశారు. తొమ్మిదిమందీ ముసలివాళ్ళే. ఇద్దరికి కుర్చీలు వేశారు. ఒక రైలు పోయింది, కాసేపటికి ఇంకోటి పోయింది. గంటయ్యగారికి ఆ ప్రార్థన కూడా కంఠతా వచ్చు. ఆ ప్రార్థన ఉన్న పాత అరమయిక్ భాష నేర్పడానికి ఆవిడ దాన్నే పాఠంగా పెట్టింది. అందులో చావు మాటే లేదని, అంతా దేవుని పొగడ్తేనని, అది ఎందుకలా ఉందో ఒక గంటసేపు చెప్పింది. మాటలన్నీ నాలుక మీద ఉన్నాయి. నాలుక మాత్రం లెక్కలోకి రాదు.

ఎండ వాలిపోయింది. ఎవరో ఫోను చేశారు, అవతల ఎవరూ తీయలేదు. ముసలాయన టోపీ సర్దుకుని, పది మంది అక్కర్లేని ఏవో రెండు కీర్తనలు చదివాడు. అందరూ గేటు వైపు వచ్చారు. ఆయన ముందు నుంచి వెళ్తూ ముసలాయన ఆగాడు.

"కోప్పడకండి అయ్యగారూ. మీకు మాకంటే బాగా వచ్చని మేడమ్ చెప్పేది. కానీ కంఠతా వచ్చినవాళ్ళందరిదీ కాదండీ అది."

"తెలుసండీ" అన్నాడు గంటయ్యగారు. నిజంగానే తెలుసు. ఎందుకు కాదో మూడో అధ్యాయంలో ఆయనే రాశాడు.

సిద్ధాంతగ్రంథం పూర్తిచేశాడు. మూడువందల పన్నెండు పుటలు. పట్టుకెళ్తే ఆఫీసు గుమాస్తా అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇది ఎవరు దిద్దాలి సార్? ఆ శాఖే లేదు."

"ఇంకెక్కడైనా పరీక్షకులు ఉంటారు కదండీ."

"గైడు సంతకం ఉంటే పంపొచ్చు. గైడు లేరు. చరిత్ర శాఖకి మార్పించుకోండి. వాళ్ళు హెబ్రీ తీసేయమంటారు, మిగతాది చూస్తారు."

"హెబ్రీ తీసేస్తే మిగతాది ఉండదండీ."

"అయితే మీ ఇష్టం" అన్నాడు గుమాస్తా, మంచిగానే. కాగితాలు అంచులు సరిచేసి తిరిగి ఇచ్చాడు.

మూడో అంతస్తులో రెండు గదుల తాళాలూ మార్చారు. పుస్తకాలు పెట్టెలకెత్తి నేలమాళిగకి పంపించారట. అక్కడ నీళ్ళూరుతాయని ఊడ్చే మనిషి చెప్పాడు.

ఇప్పుడు ఆయన ఒక కొరియర్ గోదాములో పనిచేస్తున్నాడు. పొట్లాల మీద చిరునామాలు చూసి, ఏ సంచిలో పడాలో ఆ సంచిలో వేయాలి. అక్కడివాళ్ళకి ఆయన పాత పేరు తెలియదు. పెద్దగా మాట్లాడడు కాబట్టి మూగాయన అంటారు. మందిరానికి కొత్త బోధకుడొచ్చాడు. బోర్డు మీద ఆయన పేరు ముందు 'డాక్టర్' అని ఉంది.

ఒక మధ్యాహ్నం భార్య వచ్చింది. ఉతికిన చొక్కాలు మూడు సంచిలో పెట్టుకొచ్చింది. గోదాము బయట సరుకు దించే అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు.

"నాన్నకి చూపు తగ్గింది" అంది ఆమె. "మిమ్మల్ని అడిగాడు."

"ఏమని?"

"ఇంకా ఆ చదువేనా అని."

ఆయన చొక్కా మడత విప్పి, మళ్ళీ మడిచాడు. గుండీ ఒకటి కొత్తగా కుట్టి ఉంది.

"ప్రార్థన చేసుకుంటున్నారా?" అడిగింది. గొంతు తగ్గించి, ఒంట్లో ఎలా ఉందని అడిగినట్టు అడిగింది.

"నోరు తెరుస్తున్నాను. నా పాత మాటలు వస్తే సిగ్గేస్తుంది. వాళ్ళ మాటలు వస్తే అవి నావి కావు. మూసేస్తున్నాను."

ఆమె ఆయన చేతిమీద చెయ్యి వేసింది, లోపల్నించి ఎవరో పిలిచేదాకా తియ్యలేదు.

"బస్సుకి టైమవుతోంది" అంది. "పాప పరీక్షలయ్యాక తీసుకొస్తాను. రానంటే మాత్రం నన్నేమీ అనకండి."

"అననులే."

ఆమె రోడ్డు దాటేదాకా చూసి, ఆయన లోపలికి వెళ్ళి, చొక్కాల సంచి తన మేకుకి తగిలించాడు. మధ్యాహ్నం లారీ వచ్చి ఉంది. పొట్లాలు కుప్పగా పోశారు. మొదటిది తీసి, చిరునామా చదివి, సంచిలో వేశాడు.